ఏడో రోజు ఇటుకలు

గిద్యోనుకి వచ్చిన చిక్కు ఇది. నెలాఖరుకి చర్చి పాస్టరు ఎజ్రా అయ్యగారు సంఘాన్ని అతని చేతిలో పెట్టి విశ్రాంతి తీసుకోబోతున్నారు. సరిగ్గా ఈ సమయానికి ఆ సంఘంలోంచి పద్దెనిమిది కుటుంబాలు బయటికి వెళ్లిపోయాయి.

వెళ్లింది ఎక్కడో దూరం కాదు. ఆ గోదావరి లంకలో ఉన్నదే నూట పాతిక గడప. చర్చికి ఎదురుగా, అరటితోటని ఆనుకుని, రేకుల షెడ్డు వేసుకుని ఆరాధన మొదలుపెట్టారు. వాళ్లకి పెద్ద బర్నబాస్. ఆదివారం ఇక్కడ పాట ఎత్తుకోగానే అక్కడా ఎత్తుకునేవారు. రెండు మైకుల హోరులో మనుషులకి ఏ పాటా వినపడేది కాదు. దేవుడికి ఏం వినపడేదో ఆయనకే తెలియాలి.

గొడవ శుభ శుక్రవారం నాడు పుట్టింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు పెద్దలు మాట్లాడటం ఆ చర్చిలో ఆనవాయితీ. మొదటి మాట, అంటే క్షమాపణ మాట, ఇరవై రెండేళ్లుగా బర్నబాస్‌ది. నలభై నిమిషాలు మాట్లాడేవాడు. ఏటా ఒకే చోట ఏడ్చేవాడు. ఈ ఏడు జాబితా రాసింది గిద్యోను. మొదటి మాట తను తీసుకున్నాడు. బర్నబాస్‌కి ఏ మాటా ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం బర్నబాస్ ఆరాధన జరిగిన మూడు గంటలూ కదలకుండా కూర్చున్నాడు. ఆఖరి దీవెన అయ్యాక లేచి, భార్య దీనమ్మ చేయి పట్టుకుని వెళ్లిపోయాడు. ఈస్టరుకి రాలేదు. ఆ తర్వాత ఆయన వెనకే ఒక్కో కుటుంబం జారుకుంది.

గిద్యోనుకి ఇరవై తొమ్మిదేళ్లు. మంచి గొంతు, చురుకైన మనిషి. బైబిల్లో గిద్యోను యోధుడు; ఆ పేరుకి తగ్గట్టు ప్రసంగాల్లో ఎప్పుడూ కవచం, డాలు, ఖడ్గమే. ఎజ్రా అయ్యగారి దగ్గరికి శిష్యుడిగా రావడానికి సగం కారణం కూడా అదే. అయ్యగారు వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్లు ఆర్మీలో చేశారు. ఒక యుద్ధం కూడా చూశారు. పాస్టరుగారింటి గోడకి యూనిఫారంలో ఉన్న ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది.

వచ్చిన కొత్తలోనే గిద్యోను అడిగాడు. "అయ్యగారండీ, యుద్ధంలో మీరేం చేశారు?"

"చెబుతాలే. సందర్భం రానీ."

నాలుగేళ్లయింది. ఆ సందర్భం రాలేదు.

ఇప్పుడు గిద్యోను ఒక ఆలోచన చేశాడు. ఇశ్రాయేలీయులు యెరికో పట్టణం చుట్టూ ఆరు రోజులు రోజుకొక్కసారి, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి కేకలు వేస్తే గోడలు కూలిన సంగతి సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. యవ్వనస్తుల్ని నలభై మందిని పోగుచేశాడు. సోమవారం సాయంత్రం అయిదింటికి షెడ్డు చుట్టూ ఒక చుట్టు. మాటల్లేకుండా. ఆదివారానికి ఏడు చుట్లు, ఆపైన కేక.

అయ్యగారికి ఈ సంగతి వరండాలో కూర్చుని ఉండగా చెప్పాడు. ఆయన కాదంటారనుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"నేనూ రావచ్చా?" అన్నారు అయ్యగారు.

గిద్యోను సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు.

సోమవారం వరసలో ఆఖరున అయ్యగారు కర్ర పట్టుకుని నడిచారు. డెబ్భై ఆరేళ్ల మనిషి, నిదానంగా. ముందున్నవాళ్లు చుట్టు పూర్తిచేసి వచ్చేసరికి ఆయన ఇంకా షెడ్డు వెనకాలే ఉన్నారు. షెడ్డులో వాళ్లు గుమ్మంలోకి వచ్చి చూశారు. అయ్యగారు కనపడేసరికి ఆడవాళ్లు పైటలు సవరించుకుని దండం పెట్టారు.

బుధవారం ఆయన అసలు మధ్యలోనే ఆగిపోయారు. గిద్యోను వెనక్కి వచ్చి చూస్తే, వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి దీనమ్మతో మాట్లాడుతున్నారు.

"ఈ మూల బీటలిచ్చిందమ్మా. మట్టి తడారకుండా కట్టినట్టున్నారు. బర్నబాస్‌తో చెప్పు."

"ఆయ్, చెబుతానండి. కాస్త మజ్జిగ పుచ్చుకోండి, ఎండన పడి వచ్చారు."

అయ్యగారు మజ్జిగ తాగారు. గిద్యోనుకి ఒళ్లు మండింది. తిరిగి వచ్చేటప్పుడు అడిగేశాడు.

"అయ్యగారండీ, మనం దేనికి తిరుగుతున్నామండీ? మీరేమో గోడ జాగ్రత్త అని వాళ్లకే చెబుతున్నారు."

"గోడ బాగోలేదురా మరి" అన్నారు అయ్యగారు.

శనివారం మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. వేసవిలో లంకకి అలవాటైన గాలే కానీ ఈసారి వానతో కలిసి వచ్చింది. అరటిచెట్లు నేలకి వంగాయి. ఒక గంట కొట్టి పోయింది. సాయంత్రం యవ్వనస్తులు ఆరో చుట్టుకి వెళ్లేసరికి షెడ్డు వెనక గోడ మొత్తం కూలి ఉంది. మూల మీద ఆనిన తాటి దూలం కిందికి జారింది. దాంతోపాటు నాలుగు రేకులు.

యవ్వనస్తులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రమ్ము వాయించే కరుణాకర్ గిద్యోను చెవిలో అన్నాడు. "అన్నా, ఒకరోజు ముందే పడిపోయిందన్నా!"

గిద్యోనుకి ఒళ్లు పులకరించింది. దేవుడు తన పక్షాన నిలబడ్డాడనుకున్నాడు. ఆ సంతోషం షెడ్డు ముందువైపుకి వచ్చేదాకే ఉంది. అక్కడ బర్నబాస్ చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాడు. దూలం జారుతుంటే ఆపబోయాడట. పాదం వాచి నల్లబడింది. దీనమ్మ పసుపు పట్టు వేస్తోంది. బర్నబాస్ తలెత్తి గిద్యోనుని చూశాడు, మళ్లీ దించుకున్నాడు. ఆ చూపులో కోపం లేకపోవడం గిద్యోనుకి నచ్చలేదు.

మర్నాడు ఆదివారం. ఎదుటి మైకు పలకలేదు. చర్చిలో పాటలు స్పష్టంగా వినపడ్డాయి. ఎవరికీ అంత రుచించలేదు. అయ్యగారు ప్రసంగం పది నిమిషాల్లో ముగించి దీవెన చెప్పేశారు. బయటికి వచ్చి, చర్చి పక్కన పేర్చి ఉన్న ఇటుకల గుట్ట దగ్గర నిలబడ్డారు. షెడ్డు వాళ్లు చర్చి ఆవరణలోంచి నడవకుండా అడ్డంగా ప్రహరీ కట్టించాలని గిద్యోను తెప్పించిన ఇటుకలవి.

"ఇవాళ ఏడు చుట్లు కదా?" అన్నారు.

"అవునండి."

"ఖాళీ చేతులతో ఎందుకు తిరగడం?" అని ఒక ఇటుక తీసి చంకలో పెట్టుకుని నడిచారు.

"అయ్యగారండీ, అవి ప్రహరీకండీ."

"తెలుసురా. గోడకేగా."

ఆయన ఆగలేదు. కరుణాకర్ గిద్యోను వంక చూశాడు, గుట్ట వంక చూశాడు, చివరికి రెండు ఇటుకలు తీసుకుని అయ్యగారి వెనక నడిచాడు. అతని వెనక మిగతావాళ్లు. గిద్యోను ఒక్కడే మిగిలాడు. సంఘమంతా చూస్తోంది. అతనూ రెండు ఇటుకలు ఎత్తుకున్నాడు.

మొదటి చుట్టులో ఇటుకలు కూలిన చోట దించి, షెడ్డు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చారు. రెండో చుట్టుకి షెడ్డు వాళ్లు కొందరు మట్టి తొక్కడం మొదలుపెట్టారు. మూడో చుట్టుకి ఎవరు చర్చి వాళ్లో ఎవరు షెడ్డు వాళ్లో చెప్పడం కష్టమైంది. అయ్యగారు అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి, తాపీ అడిగి తీసుకుని, తాడు కట్టి వరస పెడుతున్నారు. ఇటుక చేతిలో తిరగేసి, మట్టి మీద పెట్టి, తాపీ పిడితో రెండుసార్లు కొట్టేవారు. అది కదిలేది కాదు.

నాలుగో చుట్టులో గిద్యోను కూలిన గోడలోంచి లోపలికి చూశాడు. అందరూ చాపల మీదే కూర్చుంటారు కాబోలు, కుర్చీల్లేవు. ముందువైపు ఒక్కటే ఉంది. చేతుల కుర్చీ, మీద ఉతికిన తువ్వాలు.

"ఇదెవరిదండీ పిన్నిగారూ?" అని అడిగాడు.

"అయ్యగారిదయ్యా" అంది దీనమ్మ. "ఎప్పుడైనా వస్తారేమోనని మొదటివారమే వేయించారు మీ బాబాయి."

గిద్యోను చేతిలో ఇటుకలు బరువెక్కాయి. ఆరు రోజులు ఈ కుర్చీ చుట్టూనా తను తిరిగింది? అయిదో చుట్టు, ఆరో చుట్టు ఎలా నడిచాడో అతనికి తెలియదు.

ఏడో చుట్టు పూర్తయ్యేసరికి దూలానికి ఆసరాగా మూల గుంజ నిలబడింది, గోడ మోకాలెత్తు లేచింది. అందరూ ఆగారు. లెక్క ప్రకారం ఇప్పుడు కేక వెయ్యాలి. యవ్వనస్తులు సైగ కోసం గిద్యోనుని చూశారు. గిద్యోను అయ్యగారిని చూశాడు. అయ్యగారు తాపీకి అంటిన మట్టి గీకుతున్నారు.

గిద్యోను వెళ్లి బర్నబాస్ ముందు నేల మీద కూర్చున్నాడు.

"బాబాయ్‌గారూ, మొదటి మాట మీదేనండి. నేను లాక్కున్నాను. తప్పు నాదే. క్షమించండి."

బర్నబాస్ కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. దొరకలేదు. అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఇరవై రెండేళ్లు ఆ మాట మీద నలభై నిమిషాలు చెప్పాన్రా అబ్బాయ్" అన్నాడు. "నువ్వు అర నిమిషంలో చెప్పేశావు."

"వచ్చే ఏడు మీరే చెప్పాలండి."

"చెబుతాను. కాస్త తగ్గిస్తాలే."

దీనమ్మ నవ్వింది. ఆమె నవ్వడంతో మిగతావాళ్లకీ నవ్వడానికి వీలైంది.

"దూలం ఎత్తాలి" అన్నారు అయ్యగారు. "అందరూ రండి."

తడిసిన తాటి దూలం. ఒకవైపు చర్చి వాళ్లు, ఒకవైపు షెడ్డు వాళ్లు అని కాకుండా ఎవరికి సందు దొరికిన చోట వాళ్లు భుజం పెట్టారు. ఒకసారి లేచి మళ్లీ దిగింది.

"కేక వెయ్యందే లేవదురా ఇది" అన్నారు అయ్యగారు. "వెయ్యండి."

"ఐలెస్సా!" అన్నాడు కరుణాకర్. లంక మొత్తం అందుకుంది. ఆ కేక గోదావరి అవతలి గట్టుకి వినపడిందని తర్వాత పడవవాళ్లు చెప్పారు. దూలం గుంజ మీద కూర్చుంది.

పొద్దు వాలుతుండగా గిద్యోను బోరింగు కొడుతుంటే అయ్యగారు చేతులు కడుక్కుంటున్నారు. ఎదురుగా కొత్త వరసలు తాడు పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. గిద్యోను వాటినే చూస్తున్నాడు.

"అయ్యగారండీ, ఈ పని ఎక్కడ నేర్చుకున్నారండీ?"

అయ్యగారు మోచేతుల దాకా మట్టి కడుక్కుని, చేతులు దులిపారు.

"యుద్ధంలోరా" అన్నారు.