ఏడ్చే లోహం

పుస్తకం ఇలా ఇచ్చెయ్, ఇక చాలు. సాయంత్రం నుంచీ అదే గోల. గ్రహాలన్నిట్లోకీ వేడిది శుక్రుడు. ఆక్టోపస్‌కి గుండెలు మూడు. పెద్దవాళ్ళ ఒంట్లో ఎముకలు రెండు వందల ఆరు. అన్నీ నాకే వచ్చేశాయి, రేపు మీ స్కూలు క్విజ్జుకి నీ బదులు నేనే వెళ్తాను. ఆఖరి ప్రశ్న ఏమిటన్నావు? వంచితే ఏడ్చే లోహం ఏది అనా? దాని జవాబు పుస్తకం చూడకుండా నేను చెప్తాను. జవాబు ఒక్క మాటే కానీ, దాని వెనక కథ ఉంది. భయం వేస్తే నా చెయ్యి పట్టుకో. అది కాదు, ఎడమ చెయ్యి.

అనగనగా, మరీ అంత వెనక్కి పోనక్కర్లేదు, యుద్ధం రోజుల్లో, విజయనగరానికి అవతల ఒక ఊళ్ళో మల్లాచారి అని కళాయి వేసే ఆయన ఉండేవాడు. ఆయన భార్య నరసమ్మ. వాళ్ళకి ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. చిన్నదానికి ఇంకా మూడు నిండలేదు, పేరు పైడి.

కళాయి అంటే నీకేం తెలుసు, మీ ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే. ఆ రోజుల్లో అందరివీ ఇత్తడి గిన్నెలు. ఇత్తడిలో ఊరికే చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి విషమైపోతుంది. అందుకని గిన్నె లోపలంతా తగరం పూత పూసేవాళ్ళు. మల్లాచారి కొలిమి రాజేసి గిన్నెని బాగా కాల్చేవాడు. అప్పుడు నవాసాగరం పొడి చల్లేవాడు, తెల్లటి పొగ గుప్పుమనేది. ఆ తర్వాత తగరం కడ్డీని లోపల రాసి, దూదితో గిర్రున తుడిచేవాడు. అంతే, నల్లటి గిన్నె అద్దంలా అయ్యేది. ఆ పిల్లలిద్దరూ అందులో మొహాలు చూసుకుని వెక్కిరించుకునేవాళ్ళు.

కొత్త తగరం ఇంటికొస్తే మల్లాచారి ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వంచేవాడు. అసలైన తగరాన్ని వంచితే కిర్రుకిర్రుమని సన్నగా ఏడుస్తుంది. అవునే, నిజంగానే. లోపలి పలుకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని అలా చప్పుడవుతుందట, మీ నాన్న చెప్పాడు. పైడికి అదంతా తెలీదుగా. పరిగెత్తుకొచ్చి ఆ కడ్డీని ఒళ్ళో పెట్టుకుని, "ఊలుకో, ఊలుకో," అని జోకొట్టేది.

వాళ్ళింట్లో ఇంకో ఆనవాయితీ ఉండేది. కొత్త తగరం కరిగించినప్పుడల్లా మొదటి పూత తమ ఇంటి చారు గిన్నెకే వెయ్యాలి. మూడు రోజులు అందులోనే చారు కాచుకుని ఇంటిల్లిపాదీ తినాలి. ఎవరికీ ఏమీ కాకపోతేనే ఊళ్ళో గిన్నెలు ముట్టుకోవాలి. మల్లాచారి తాత పెట్టిన పద్ధతి అది. ఊరందరికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆయనంటే అంత నమ్మకం.

అప్పుడు యుద్ధం ముదిరింది. తగరం ఎక్కడో మలయా నుంచి ఓడల మీద వచ్చేది. ఓడలు ఆగిపోయాయి. మల్లాచారి మూడు బజార్లు తిరిగాడు, మూడు చోట్లా లేదన్నారు. ఇంటి ముందు చూస్తే పదకొండిళ్ళ గిన్నెలు పేరుకున్నాయి. కళాయి లేని గిన్నెల్లో వండుకుని జనం వాంతులు చేసుకుంటున్నారు, ఏదో ఒకటి చెయ్యవయ్యా అని ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. ఆయన చెడ్డవాడు కాదమ్మా. కాదనలేని మనిషి.

ఆ తర్వాత ఆయన సముద్రం ఒడ్డుకి వెళ్ళి, జాలర్లు వలలకి కట్టే సీసపు గుళ్ళు అడిగి తెచ్చాడు. ఇంట్లో మిగిలిన కాస్త తగరంలో ఆ సీసం కలిపి కరిగించి కడ్డీలు పోశాడు. తగరంలో సీసం కలపకూడదని వాళ్ళ తాత చెప్పే పోయాడు. ఎందుకు కలపకూడదో మాత్రం చెప్పలేదు. కడ్డీ చల్లారాక మల్లాచారి అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. చప్పుడు లేదు. పైడి చేతులు చాచుకుని నిలబడి ఉంది. ఇది ఏడవదేం అని అడిగింది.

"ఇది మంచిదమ్మా, ఏడవదు," అన్నాడు మల్లాచారి.

అప్పుడు ఆనవాయితీ ప్రకారం మొదటి పూత ఇంటి గిన్నెకి వేశాడు. అబ్బో, ఏం మెరిసిందనుకున్నావు. నరసమ్మ అందులో చారు కాచింది. ఒకరోజు తిన్నారు, రెండో రోజు తిన్నారు, మూడో రోజు తిన్నారు. ఎవరికీ తుమ్మైనా రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే మల్లాచారి కొలిమి రాజేసి పదకొండిళ్ళ గిన్నెలకీ పూత పూసేశాడు. ఇంట్లో మాత్రం అదే గిన్నెలో రోజూ చారు కాగుతూనే ఉంది.

పదిహేను రోజులు గడిచాయి. ముందు బాతులు పోయాయి. వాళ్ళ పెరట్లో మూడు బాతులుండేవి. కొలిమి దగ్గర రాలిన సీసపు పలుకుల్ని అవి గింజలనుకుని, ఇసుకతో పాటు మింగాయి. మెడలు వాలేసి, రెక్కలు నేలకీడ్చుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయాయి. తెగులొచ్చిందని గొయ్యి తీసి పాతిపెట్టారు.

ఆ తర్వాత పెద్దపిల్లకి కడుపులో మెలిపెట్టి నొప్పి మొదలైంది. నరసమ్మ ఆముదం తాగించింది. నొప్పి తగ్గలేదు సరికదా, ఇంకో పది రోజులకి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. నీళ్ళ చెంబు ఎత్తబోతే జారిపోయేది. నరసమ్మకి అనుమానం వచ్చింది. ఈ కొత్త పూత వేసినప్పటి నుంచే ఇలా ఉందని మొగుడితో అంది.

"మూడ్రోజులూ మనమే కదేటి ముందు తిన్నాం? ఎవరికేటయ్యింది?" అన్నాడాయన. ఆవిడ వెళ్ళి మళ్ళీ అదే గిన్నెలో చారు పెట్టింది.

ఆ తర్వాత పైడి. ఆ చారు పులుపు తగ్గి కాస్త తియ్యగా ఉండేది. చింతపండు పులుపుకి సీసం కరిగితే అలా తీపెక్కుతుంది. బెల్లం వెయ్యకుండానే ఇంత రుచా అనుకునేది నరసమ్మ. పైడికి ఆ తీపి మహా ఇష్టం. అందరూ తిన్నాక గిన్నె ఒళ్ళో పెట్టుకుని అడుగంతా వేలితో నాకేది. నెల తిరక్కుండా ఆ పిల్ల ఆటలు మానేసింది. ఆపైన మాటలు మానేసింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కళ్ళు తేలేసి కొట్టుకుంది. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. మళ్ళీ ఫిట్సు వచ్చాయి.

అప్పుడు బండి కట్టుకుని నలుగురూ పట్నం ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడొక డాక్టరమ్మ ఉంది. ఆవిడ పైడిని చూసింది. ఆ తర్వాత పెద్దపిల్ల వాలిన చెయ్యి చూసింది. నరసమ్మ పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. చిగుళ్ళ అంచున సన్నగా నీలం గీత ఉంది, పెన్సిలుతో గీసినట్టు.

ఏ గిన్నెలో వండుకుంటున్నారని ఆవిడ అడిగింది. మల్లాచారి దాచలేదు, అంతా చెప్పాడు. మూడు రోజుల సంగతి కూడా చెప్పాడు.

"సీసం మూడు రోజుల్లో బయటపడదయ్యా," అందావిడ మెల్లగా. "ముద్ద ముద్దకీ కొంచెం కొంచెంగా ఎముకల్లో చేరుతుంది. పసిపిల్లల ఒంట్లో అందరికంటే ఎక్కువ చేరుతుంది."

డాక్టరమ్మ చేతనైనంతా చేసింది. మర్నాడు మధ్యాహ్నం కాకుండానే మా చెల్లెలు పోయింది.

అవునమ్మా, మా చెల్లెలే. ఆ పెద్దపిల్లని నేనే. మల్లాచారి మా నాన్న. నా ఈ చేతికి పక్షవాతం అని మీ అమ్మ నీతో చెప్పింది కానీ, ఇది ఆ చారు గిన్నె చేసిన పని. సగం బాగుపడి అక్కడే ఆగిపోయింది. ఏడవకు, ఇంకాస్తే ఉంది.

ఊరికి తిరిగి రాగానే మా నాన్న స్నానమైనా చెయ్యలేదు. గీకుడు ఇనుము చేత్తో పట్టుకుని పదకొండిళ్ళకీ వెళ్ళాడు. ప్రతి గడపలోనూ నిలబడి, "నేను సీసం కలిపాను. నా బిడ్డ పోయింది. గిన్నెలు ఇవ్వండి," అన్నాడు. ఒకింట్లో తిట్టారు. ఒకింట్లో మొహం మీద తలుపేశారు, ఆయన అరుగు మీదే కూర్చుని తీసేదాకా కదల్లేదు. ఒకింట్లో పిల్లాడికి అప్పటికే కడుపునొప్పి మొదలైంది. వాడు బతికాడు, ఆ తల్లి మాత్రం జన్మంతా మా నాన్నతో మాట్లాడలేదు. ఆవిడ తప్పేం లేదు. గిన్నెలన్నీ గీకి, రాలిన పొడంతా మూటగట్టి ఊరికి దూరంగా లోతుగా పాతిపెట్టి వచ్చాడు. వేళ్ళన్నీ రక్తాలు.

యుద్ధం అయ్యేదాకా మా కొలిమి వెలగలేదు. నాన్న కూలికి వెళ్ళేవాడు. ఆ తర్వాత ఓడలు నడిచాయి, తగరం వచ్చింది. నాన్న మొదటి కడ్డీ చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. అది కిర్రుమంది. పైడిని మట్టిలో పెట్టిన రోజు కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ కడ్డీని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చాడు. దాంతో ఒక్క గిన్నెకీ పూత వెయ్యలేదు.

నా ట్రంకుపెట్టెలో చీరల కింద ఒక గుడ్డ మూట ఉంది, పట్రా. ఇదే ఆ కడ్డీ. నా చేతికి బలం లేదు, నువ్వు వంచు. కొంచెమే. మరీ ఎక్కువసార్లు వంచితే దానికి ఏడుపు పోతుంది, మళ్ళీ వేడి తగిలితే గానీ రాదు. అందుకే నేనెప్పుడూ దీన్ని ముట్టుకోను. చెవి దగ్గర పెట్టుకో. విన్నావా?

ఊరుకో, ఊరుకో. నిన్ను కాదు, దాన్ని అంటున్నాను.

రేపు క్విజ్జులో అడిగితే తగరం అని చెప్పు. ఒక మార్కు వస్తుంది. చెల్లెలి సంగతి వాళ్ళకి చెప్పక్కర్లేదు, అది నీకూ నాకే. ఇంక దుప్పటి కప్పుకో.

కథ నడిచింది కంచికి,
మనం చేరాం మంచానికి,
తగరం ఏడ్చింది చెల్లికి,
నిద్ర రావాలి నా తల్లికి.