రాజుగారి పాదానికి మూడు అచ్చులు

మెట్టసీమ రాజుగారు గుర్రం దిగబోయి జారిపడ్డారు. చీలమండ గుమ్మడికాయలా వాచింది; చేతికర్ర లేందే అడుగు పడలేదు. వాగు ఒడ్డు బంకమట్టి పట్టు వేస్తే వాపు తగ్గుతుందని కుమ్మరి నూకాలమ్మ చెప్పింది.

"రాజు ఒంటికి మట్టా?" అని ఆయన మండిపడి, ఇకమీద మట్టివైద్యమే చేయకూడదని చాటింపు వేయించారు. మోకాళ్ల వాపుతో నూకాలమ్మ గుమ్మానికొచ్చిన ముసలివాళ్లు కుంటుకుంటూ వెనక్కి పోయారు.

మర్నాడు ఆమె మళ్లీ కోటకొచ్చింది.

"వైద్యానికి కాదు దొరా. తమరి పాదం అచ్చు తీసి కోట గుమ్మంలో పెడితే జనం మొక్కుకుంటారు."

రాజుగారు పొంగిపోయి కాలు చాపారు. ఆమె చల్లటి మట్టి చీలమండ దాకా మందంగా మెత్తి, ఆరాక ఒలిచింది. అచ్చు బీటలిచ్చిందంటూ మర్నాడొకటి, ఆ మర్నాడొకటి తీసింది. నాలుగోనాడు మూడూ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

రాజుగారు చూడ్డానికొచ్చారు. మొదటి అచ్చులో పాదం పెడితే వదులుగా ఆడింది, రెండోదాంట్లో కాస్త తక్కువగా ఆడింది, మూడోదాంట్లో సరిగ్గా పట్టింది.

"ఇదేం పనితనం? ఒక్కో అచ్చూ ఒక్కో కొలత."

"అచ్చులు సరిగ్గానే ఉన్నాయి దొరా. మారింది తమరి కాలు."

చేతికర్ర గదిలోనే వదిలేసి వచ్చానని రాజుగారికి అప్పుడు తెలిసింది. పాదం నేలకి గట్టిగా అదిమి చూసుకున్నారు.

"ఆ చాటింపు వేసినవాణ్ని పిలవండి, మాట మార్చి మళ్లీ చాటాలి," అన్నారు.