జమీందారు కారులో తియ్యటి వాసన

పలకలు పక్కన పెట్టి దగ్గరికి జరగండర్రా. ఇవాళ నాకూ ఓపిక లేదు, చిన్న కథే చెబుతాను.

వెనకటికి ఒక జమీందారుకు ఇద్దరే పట్టే పందెం కారు ఉండేది. దాన్ని దగ్గరుండి కొనిపించింది దివాను పేర్రాజు, నడిపేది దస్తగిరి. ఒకరోజు కారులో ఏదో తియ్యటి వాసన మొదలైంది. ఇంజను వేడెక్కకుండా పోసే కూలెంటు ఎక్కడో కారుతోందని దస్తగిరి చెప్పాడు. దివాను మండిపడ్డాడు.

"నేను కొనిపించిన కారుకే వంక పెడతావుట్రా? వాసన నీ ఒంటిదే! పోయి స్నానం చెయ్యి!"

జమీందారు అదే నమ్మాడు. దస్తగిరి మూడు రోజులు పూటకు రెండుసార్లు సున్నిపిండితో ఒళ్లు తోముకున్నాడు. చర్మం మండింది గానీ వాసన పోలేదు.

"రేపు కూడా ఇలాగే ఉంటే పనిలోంచి తీసేస్తాను," అన్నాడు జమీందారు.

మర్నాడు దస్తగిరి నీరసంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వాసన నాదే దొరా, ఒప్పుకుంటున్నాను. నేను ఇక్కడే ఉండిపోతాను. దివానుగారికి నడపడం వచ్చుగా, ఆయనతో వెళ్లిరండి."

ఊరు దాటకముందే జమీందారు ముక్కు మూసుకున్నాడు. "దివానుగారూ, మీరు స్నానం చేసి ఎన్నాళ్లయిందండీ?"

దివాను ముఖం మాడిపోయింది. గబుక్కున కారాపి, బోనెట్టు ఎత్తి, పట్టుచొక్కా మసి చేసుకుంటూ గొట్టం గొట్టం వెతికాడు. "నేను కాదు ప్రభూ! ఇదిగో, ఈ గొట్టం కారుతోంది!" అని అరిచాడు.

తిరిగొచ్చాక జమీందారు దస్తగిరితో అన్నాడు, "రేపట్నుంచి మళ్లీ నువ్వే నడపరా. ఇంతకీ ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు దొరా. నేను చెబితే అది నా ఒంటి వాసన. ఆయన చెబితేనే కారు వాసన."

ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్లకెళ్లి తినండి.