రాతి తోరణం కింద ఇద్దరు

అంబాజీపేటలో కొబ్బరితాళ్ళ వ్యాపారం చేసే దొరబాబు ఇంట్లో తెలివి ఎక్కువైపోయి మనుషులకి చోటు చాలేది కాదు. ఈ మాట ఊరివాళ్ళన్నది కాదు, ఇంట్లోవాళ్ళే అనుకునేవారు. ఆ తెలివిలో పెద్ద వాటా తనదేనని దొరబాబు పెళ్ళాం మంగతాయారు నమ్మకం. కాదు, తనదని ఆవిడ పెద్ద తోడికోడలు వరహాలమ్మ నమ్మకం.

ఒకనాడు దొరబాబు టూరు కంపెనీవాళ్ళ కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. అమెరికాలో ఎడారి, ఎర్రరాతి లోయలు, మూడు పార్కులు. పైన 'జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాలి' అని అచ్చేసి ఉంది. అచ్చేసి మరీ చెప్పాక చూడకపోతే ఎవరొచ్చి ఏమడుగుతారోనని మొగుడూ పెళ్ళాలిద్దరికీ బెంగ పట్టుకుంది. ఇంకేముంది, ప్రయాణం కట్టేశారు.

వరహాలమ్మ మూతి విరిచింది.

"మీరిద్దరూ ఆ గోతుల్లోకి దిగితే మళ్ళీ పైకొస్తారా? క్షేమంగా బయటపడినట్టు ఒక ఫొటో పంపించు తాయారూ. అప్పుడొప్పుకుంటాను, నాకంటే నీకే తెలివుందని."

పద్దెనిమిదేళ్ళుగా పులుసులో ఉప్పు దగ్గర్నించి పిల్లల పేర్ల దాకా 'నీకు తెలీదు, నువ్వూరుకో' అనిపించుకున్న మనిషి తాయారు. ఆ ఒక్క ఒప్పుకోలు కోసం ఎడారేం ఖర్మ, సముద్రం అడుక్కైనా దిగుతుంది. మూడో పార్కులో పెద్ద రాతి తోరణం ఉందిట. దాని కింద మొగుడి పక్కన నిలబడి ఫొటో తీయించుకోవాలని విమానంలోనే తీర్మానం చేసేసుకుంది.

మొదటి పార్కు గుమ్మంలో గైడు ఫణీంద్ర అందరికీ ఒకటే రూలు చెప్పాడు. ఇక్కణ్ణించి ఫొటోలు తప్ప ఏదీ పట్టుకెళ్ళకూడదు, అడుగుజాడలు తప్ప ఏదీ వదిలిపెట్టకూడదు. బస్సులోవాళ్ళంతా తలూపి నడిచారు. తాయారు మాత్రం పది అడుగులేసి వెనక్కి తిరిగి చూసుకుంది. బండరాయి. ఒక్క జాడ లేదు.

"ఏవండీ, మన అడుగులు పడటం లేదు."

దొరబాబు ఎగిరి గెంతాడు. నడుం పట్టేసింది కానీ అడుగు పడలేదు. రూలు రూలే కదా. అంతే, తాగే నీళ్ళ సీసాలు రెండూ ఎర్రదుమ్ములో వంపేసి, బురద చేసి తొక్కి, కృష్ణాష్టమికి ముగ్గుపాదాలు వేసినంత పొందిగ్గా బండ మీద అడుగులు వేసుకుంటూ పోయారు. గంట తిరిగేసరికి ఇద్దరి నాలికలూ పిడచకట్టుకుపోయాయి. గైడు నీళ్ళూ, బస్సులో మరో నలుగురి నీళ్ళూ తాగితే గానీ మాట పెగల్లేదు.

రెండో పార్కు నించి బయటికొచ్చేటప్పుడు ఇంకో చిక్కు. బూట్ల నిండా ఎర్రదుమ్ము. పట్టుకెళ్ళకూడదాయె. బూట్లు దులిపారు, మేజోళ్ళు దులిపారు, దొరబాబు చొక్కా విప్పి బండకేసి కొట్టాడు. బస్సు అరగంట ఆగిపోయింది. చివరికి మెట్టెక్కబోతూ తాయారు ఉలిక్కిపడింది. లోపలికి పీల్చుకున్న గాలి కూడా ఇక్కడిదే కదా! ఇద్దరూ ఉన్న గాలంతా ఊదేసి, ఊపిరి బిగబట్టి, నీలంగా మారిన మొహాలతో బస్సెక్కారు. తలుపు మూసేదాకా గాలి పీల్చలేదు. వెనక సీటు పెద్దాయన గుండెపోటనుకుని తన మాత్ర ఒకటి దొరబాబు నోట్లో కుక్కాడు.

మూడో పార్కు దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. చీకటి పడేలోగా అందరూ లోయలోంచి బయటికి రావాలనీ, లోపల ఉండిపోయినవాళ్ళు దాహంతో పోతారనీ ఫణీంద్ర గట్టిగా చెప్పాడు. దారిలోంచి పక్కకి ఒక్కడుగు కూడా వెయ్యద్దన్నాడు. వాళ్ళు వెయ్యలేదు. ఎదురుగా పన్నెండుమంది వస్తుంటే కూడా వెయ్యలేదు. అలాగని వాళ్ళకి అడ్డం నిలబడటం మర్యాద కాదు. అంచేత ఇద్దరూ నవ్వుతూ, దణ్ణం పెడుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ పన్నెండుమందినీ గేటు దాకా సాగనంపారు. మళ్ళీ మొదటికొచ్చి నడిచారు. తోరణం చేరేసరికి ఇంకా అయిదు నిమిషాలే మిగిలాయి. ఫణీంద్ర పరుగున తాయారు ఫోనులో ఒక ఫొటో తీసి, ఇద్దర్నీ తోలుకొచ్చి బస్సులో పడేశాడు.

తాయారు ఫోను గుండెలకి హత్తుకుని కూచుంది. బస్సు కదలబోతుంటే ఫణీంద్ర లేచి, లోయలో ఎవరైనా ఉండిపోయారా అనడిగాడు. ఎందుకైనా మంచిది, చూసుకుందామని తాయారు ఫొటో తెరిచింది. ఒక్క కేక పెట్టింది.

"బాబూ, ఆపించు. ఇంకా ఇద్దరున్నారు. తోరణం కిందే నిలబడున్నారు."

"ఎవరమ్మా?"

"ఒకావిడా, ఒకాయనా. పాపం, వాళ్ళ చేతిలో నీళ్ళ సీసా కూడా లేదు."

దొరబాబు తొంగి చూసి, మొగాయన్ని ఎక్కడో చూసినట్టుందనీ, మంచివాడిలాగే ఉన్నాడనీ అన్నాడు. ఫణీంద్ర కూడా వచ్చి చూశాడు. చూసి, వెళ్ళి తన సీట్లో కూచుని కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ కదలకపోతే తాయారు ఊరుకుంటుందా? ఫొటో వరహాలమ్మక్కకి పంపాలి, నిజమే. తనకి పద్దెనిమిదేళ్ళ పంతం, అదీ నిజమే. కానీ రెండు ప్రాణాలు. ఆ ఇద్దర్నీ అక్కణ్ణించి తీసేస్తే గానీ బతకరు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఫోనులోంచి ఆ ఫొటో తీసేసింది. అంతటితో నమ్మకం కుదరక, బస్సు అద్దంలోంచి దూరంగా కనిపిస్తున్న తోరణానికి ఇంకో ఫొటో తీసుకుని చూసుకుంది. ఒక్కరూ లేరు. అమ్మయ్య, బయటపడ్డారు.

ఆ ఫొటోనే అక్కకి పంపించింది. అక్కడ అంబాజీపేటలో తెల్లారి, వరహాలమ్మ ఎసరు పెడుతోంది. ఫొటో పెద్దది చేసి ఈ మూల నించి ఆ మూల దాకా వెతికి, ఫోను చేసింది.

"చూశానే తాయారూ. ఎంత వెతికినా మీరిద్దరూ ఎక్కడా లేరు. క్షేమంగా బయటపడ్డారు. ఒప్పుకుంటున్నాను, నీకే తెలివుంది."

తాయారు ముక్కు ఎగబీల్చింది. వరహాలమ్మ ఫోను పెట్టేసింది. అక్కడ లేరంటే ఇంటికొచ్చేసినట్టే కదా. ఇంకేముంది, ఎసట్లో మరో ఇద్దరికి బియ్యం పోసి, వీధి తలుపు బార్లా తెరిచి, కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.