కూర్మయ్య కెమెరా, గురవయ్య కెమెరా

కొల్లేట్లో నీళ్ళు గట్టు విడిచి లోపలికి జరిగి, కిక్కిస గడ్డి పొదలు నిలువెత్తు పెరిగే రోజులవి. తుమ్మచెట్ల మీద గూడకొంగల కాపురాలు నిండుగా ఉన్నాయి. ఏ కొమ్మ చూసినా గూడు, ఏ గూడు చూసినా ఆకలితో తెరుచుకున్న నోళ్ళు. ఇంకొన్నాళ్ళలో రెక్కలొస్తే ఎవరి దారి వాళ్ళదే. అందుకని ఏటా ఆ లోపునే తాబేలు కూర్మయ్య మెడలో కెమెరా వేసుకుని గూళ్ళ ఫోటోలు తీయడానికి బయలుదేరేవాడు.

ఆ కెమెరా పాతది. అంచుల్లో రంగు పోయింది, పట్టుకునే చోట తోలు అరిగింది. బొత్తాం నొక్కితే కాసేపు ముందుకూ వెనక్కూ వెతుక్కుని, అప్పుడు గానీ టిక్కుమనదు. నాలుగు గూళ్ళు తీసేసరికి బ్యాటరీ నీరసపడేది. కూర్మయ్య చేపల చెరువు మోటారు షెడ్డు దాకా వెళ్ళి, ఛార్జింగు పెట్టుకుని మళ్ళీ రావాలి. ఆయన నడక సంగతి మీకు తెలిసిందే.

అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. తల్లి గూట్లోనే కూర్చునేది, పిల్లలు రెక్క కింద నుంచి తొంగి చూసేవి. చెట్టు కింద నుంచి కూర్మయ్య మెడ చాచి "కదలకమ్మా, కాస్త ఓర్చుకో" అనేవాడు. పక్క కొమ్మ మీద కూర్చుని అలివేలు బామ్మ గూటి గూటికీ పేరు చెప్పేది. ఆ కొంగలన్నింట్లోకీ పెద్ద ఆవిడే. పొద్దున్నే కొల్లేటికోట వైపు తిరిగి పెద్దింట్లమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోనిదే చేప ముట్టేది కాదు. ఏ పిల్ల ఎవరి మనవరాలో, ఏ గాలివానకు ఎవరి గూడు పోయిందో ఆవిడకు నోటికి వచ్చు.

"ఇది మా రత్తాలు మునిమనవరాలు. ఆ మెడ వంపు చూడు కూర్మయ్యా, అచ్చం రత్తాలే" అనేది. రత్తాలు పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు, బామ్మకు తప్ప.

ఈ ఏడు ఆవిడ చూపు మందగించింది. "వచ్చే ఏటి మాట ఆ తల్లికే తెలియాలి. ఈసారి మాత్రం ఒక్క గూడు కూడా తప్పిపోకూడదు నాయనా" అని కూర్మయ్యకు ముందే చెప్పి పెట్టింది.

కూర్మయ్య మొదటి చెట్టు కిందికి చేరాడో లేదో, గుంటనక్క గురవయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. పట్నం వైపు వెళ్ళొచ్చానన్నాడు. మెడలో కొత్త కెమెరా తళతళలాడుతోంది.

"ఏం మావా, ఇంకా ఆ డొక్కుతోనే నెట్టుకొస్తున్నావా?"

"నడుస్తోంది అల్లుడూ, నాలాగే."

"ఏదీ ఇలా ఇవ్వు" అంటూ గురవయ్య పాత కెమెరా అందుకుని, ముందున్న లెన్సు తిప్పి ఊడదీసి లోపలికి చూశాడు. చూసి నొచ్చుకున్నట్టు నాలుక చప్పరించాడు. "అద్దమేది మావా? కెమెరా అన్నాక లోపల ఓ అద్దం ఉంటుంది. నీదాంట్లో ఊడి ఎక్కడో పడిపోయింది. అందుకే దానికా నత్తనడక. ఇన్నేళ్ళూ వీళ్ళకు అద్దం లేని ఫోటోలు అంటగట్టావన్నమాట."

కొమ్మల మీద గుసగుసలు మొదలయ్యాయి. కూర్మయ్య నిదానంగా కళ్ళు మూసి తెరిచాడు.

"నీది కూడా ఓసారి విప్పు అల్లుడూ."

"నాదెందుకు?"

"అద్దం ఎలా ఉంటుందో చూస్తాం. ఇక్కడెవరమూ ఎప్పుడూ చూసి ఎరగం."

అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. గురవయ్యకు విప్పక తప్పలేదు. అందులోనూ అద్దం లేదు.

గట్టు పక్క బురదలో పడుకుని నెమరేస్తున్న గేదె సూరమ్మ తల తిప్పింది. "అయ్యో, నీది కూడా దారిలో పడిపోయిందా గురవయ్యా? వచ్చిన దారే వెతుక్కుంటూ పో, దొరుకుతుందేమో."

చెట్లన్నీ కిలకిలమన్నాయి.

"ఇది అద్దం లేకుండా చేసిన రకం అత్తా. కొత్త పద్ధతి" అన్నాడు గురవయ్య.

"నాదీ ఆ రకమే" అన్నాడు కూర్మయ్య. "అద్దం ఉన్నవి బరువు, నా మెడ ఆగదు. నీదానికి ఇది అన్నగారు అల్లుడూ. అంతకంటే తేడా లేదు."

మరొకరైతే అక్కడితో తల దించుకునేవారు. నక్కకు సిగ్గెక్కడిది? "సరే, అన్నదమ్ములే అనుకుందాం. తమ్ముడి పనితనం కూడా చూడండి మరి" అని కెమెరా వెనకున్న బుల్లి తెరను పక్కకు విప్పి, కింది కొమ్మ మీదున్న చుక్కమ్మ వైపు పట్టాడు. చుక్కమ్మకు అదే తొలి కాన్పు. దాని పిల్లలకు ఇంకా నూగు కూడా సరిగా రాలేదు.

తెర మీద చుక్కమ్మ కంటి చుట్టూ చిన్న పచ్చరంగు గడి వచ్చి కూర్చుంది. చుక్కమ్మ మెడ తిప్పితే గడీ తిరిగింది. రెక్క అడ్డుపెట్టి తీస్తే మళ్ళీ కంటి మీదే వాలింది.

"చూశారా? కన్ను ఎక్కడుంటే గడి అక్కడ. ఎగిరినా సరే, పొద చాటునున్నా సరే, వెలుతురు చాలకపోయినా సరే. పొరపాటన్నది దీనికి తెలియదు. చేతులు వణికినా ఫోటో వణకదు. బ్యాటరీ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఉంటుంది" అన్నాడు గురవయ్య.

కూర్మయ్య తెరలోకి తొంగి చూశాడు. ఉన్నదున్నట్టు చెప్పడం ఆయన అలవాటు. "నిజమేనమ్మా, బాగుంది. నాది కన్నేదో తుమ్మకాయేదో తేల్చుకునేలోపు ఇది పని కానిచ్చేస్తోంది."

ఆ మాటతో కుర్రకొంగలకు పట్టపగ్గాల్లేవు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా. "తాతా, నీ కెమెరాను ఇంక షెడ్డులోనే పడుకోబెట్టు" అంది ఒకటి. "పాపం, అక్కడి దాకా మోయాలిగా. ఇక్కడే రొంపిలో వదిలెయ్" అంది ఇంకొకటి.

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. "గూడు గూడుకీ తిరిగే పాట్లు ఇంక లేవు. పెద్దలందరూ గట్టు మీద వరుసగా నిలబడండి. వంశమంతా ఒక్క ఫోటోలో, నడుమ బామ్మగారు. పిల్లలవి తర్వాత తీరిగ్గా తీసుకుందాం."

అలివేలు బామ్మ ముక్కు కింద సంచి వణికింది. "వంశమంతా ఒక్కచోటా? మా అమ్మ రోజుల్లో అలాంటిదొకటి ఉంటే, ఇవాళ చూసుకునేదాన్ని కదా నాయనా."

చుక్కమ్మ మాత్రం గూట్లోంచి లేవలేదు. "పిల్లల్ని వదిలి ఎలా రాను బామ్మా? అన్నిటికంటే కింద ఉన్నది మా గూడే. నీళ్ళు కూడా ఇంకిపోయాయి. ఎవరైనా ఎగిరితే అందుతుంది."

"ఎవరెగురుతారమ్మా?" అన్నాడు గురవయ్య మెత్తగా. "భయపడితే నా జాతికే భయపడాలి. ఆ నక్కను నేనే కదా. కెమెరా పట్టుకుని నీ ఎదురుగానే నిలబడతాను. ముందరి కాళ్ళు రెండూ నీ కళ్ళ ముందే ఉంటాయి. ఇంకేం కావాలి?"

బామ్మ "తల్లీ, నీదే భారం" అని కోట వైపు దణ్ణం పెట్టింది. చుక్కమ్మ పిల్లల మీద ఆకులు కప్పి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ గట్టు మీదికి వెళ్ళింది.

"చెట్ల వైపు వీపులు పెట్టండి. ఎండ మొహాల మీద పడాలి" అన్నాడు గురవయ్య. అందరూ అలాగే తిరిగారు. "ఇంకాస్త దగ్గరగా. ఆ చివరనున్న బాబాయిగారు ముక్కు దించాలి. బామ్మగారూ, తల ఎత్తండి. ఎత్తారా? కొంచెం దించండి. ఎవరూ వెనక్కి చూడకండి, చూస్తే ఫోటో పాడవుతుంది."

బామ్మ మెడ నొప్పి పుట్టింది. ఎండలో కళ్ళు చికిలించి చికిలించి నీళ్ళు కారుతున్నాయి. గురవయ్య ఇంకా సర్దుతూనే ఉన్నాడు.

పక్కనే నిలబడ్డ కూర్మయ్య ఇదంతా చూస్తున్నాడు. "అల్లుడూ, క్షణంలో తీస్తుందన్నావు. ఈపాటికి నా డొక్కుది రెండు గూళ్ళు తీసి ఉండేది."

"మంచి పనికి తొందర పనికిరాదు మావా. నిదానమే ప్రధానమని నువ్వేగా అంటావు."

నక్క నోట ఆ మాట వినేసరికి కూర్మయ్యకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మెడ బారుగా చాచి తెరలోకి చూశాడు. వరుసగా కొంగలు, ఒక్కొక్క కంటి మీదా ఒక్కో పచ్చగడి. ఆ కొంగల వెనక కిక్కిస పొద. పొదలోనూ ఓ పచ్చగడి.

"గట్టు మీద అందరం ఉన్నాం కదా. వెనకాల కిక్కిసలో ఆ గడి ఎవరి కంటి మీద పడింది అల్లుడూ?"

గురవయ్య చటుక్కున కెమెరా పక్కకు వంచాడు. "అది గడ్డిపువ్వు మావా. ఒక్కోసారి దీనికి గడ్డిపువ్వు కూడా కన్నులాగే కనబడుతుంది."

"పొరపాటు తెలియదన్నావుగా."

"యంత్రమే కదా. కొత్తది, ఇంకా కుదురుకోలేదు."

"గడ్డిపువ్వు చుక్కమ్మ చెట్టు వైపు జరుగుతోందేం?"

"గాలి మావా."

"గాలి అటు నుంచి ఇటు వీస్తోంది."

గురవయ్య మాట మార్చాడు. "నా మాట నమ్మకపోతే నీ కెమెరాతోనే చూసుకో. పాతదైనా నికార్సైన సరుకు, దాన్ని మించింది లేదు. తీరిగ్గా గురి చూసుకో. అందులో ఏమీ పడకపోతే అక్కడ ఏమీ లేనట్టే."

కూర్మయ్య నవ్వాడు. "పొద్దున నాది డొక్కు, నీది దేవుడిచ్చిన కన్ను. ఇప్పుడు నాది నికార్సైనది, నీది గడ్డిపువ్వుకూ కంటికీ తేడా తెలియనిది. పూట తిరక్కుండా రెండూ ఇలా ఎలా మారిపోయాయి అల్లుడూ?" అని, జవాబు కోసం ఆగకుండా, బతుకులో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తాడు. "చుక్కమ్మా, గూటికి పో. సూరమ్మా, ఆ కిక్కిసలో ఎవరో ఉన్నారు చూడు."

చుక్కమ్మ విసిరిన రాయిలా వెళ్ళి గూటి మీద పడింది. అప్పటికే పొదలోంచి ఒక మూతి లేచి, గూటి అంచును ముట్టబోతోంది. చుక్కమ్మ బారెడు ముక్కుతో ఆ మూతి మీద ఒక్కటిచ్చింది. వెనక నుంచి సూరమ్మ కొమ్ములు దించి కిక్కిసలోకి దూరింది. కుయ్యో మొర్రోమంటూ మరో నక్క గాల్లోకి లేచి, రొంపిలో నడుముదాకా దిగబడింది. గురవయ్య బావమరిది సోమలింగం.

"బావా, ఫోటో అయ్యేదాకా ఎవరూ తిరిగి చూడరన్నావుగా" అన్నాడు వాడు, మూతి తడుముకుంటూ ఏడుపు గొంతుతో.

"వీడెవడో నేనెరగను" అన్నాడు గురవయ్య.

"ఎరగనివాడు బావా అన్నాడంటే వరస బాగానే కుదిరింది" అంది సూరమ్మ. "రా, నువ్వూ వచ్చి పక్కన కూర్చో."

గురవయ్య పరుగు లంకించుకున్నాడు. కెమెరా పట్టీ తుమ్మముల్లుకు తగులుకుంది. మెడ విడిపించుకుని దూకేసరికి దూకింది కూడా రొంపిలోకే. తప్పించుకోవాలని గింజుకున్న కొద్దీ ఇద్దరూ లోపలికి దిగారు. కుర్రకొంగలు సంచుల నిండా బురదనీళ్ళు పట్టుకొచ్చి బావా బావమరుదులకు తీరిగ్గా తలంటు పోశాయి.

కూర్మయ్య పాత కెమెరా ఎత్తాడు. అది ఎప్పటిలాగే ముందుకూ వెనక్కూ వెతుక్కుంది. ఎంతసేపు వెతుక్కుంటేనేం, రొంపిలో ఉన్నవాళ్ళు కదిలే దారి లేదు. టిక్కుమంది. మీసాల మీది బురదచుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, ఫోటో అంత బాగా వచ్చింది.

"మునుపెన్నడూ నాకింత ఓపిగ్గా ఎవరూ నిలబడలేదు అల్లుడూ" అన్నాడు కూర్మయ్య.

చీకటి పడకముందే నక్కలిద్దరూ ఎలాగో పాక్కుంటూ బయటపడి, ఆ గట్టు పేరెత్తకుండా పోయారు.

ముల్లుకు వేలాడుతున్న కొత్త కెమెరాను చూసి చుక్కమ్మ, "దాన్ని నీళ్ళలో పారెయ్ తాతా, నా పిల్లలు దక్కారు చాలు" అంది.

"దానిదేం తప్పమ్మా?" అన్నాడు కూర్మయ్య. "తెచ్చినవాడు అబద్ధమాడాడు గానీ, అది ఆడలేదు. పొదలో కన్ను ఉందని ముందు చెప్పింది అదే. నా పాతది చెప్పగలిగేది కాదు."

మర్నాటి నుంచి మళ్ళీ గూడు గూడుకీ ఫోటోలు మొదలయ్యాయి. తల్లులు గూళ్ళలోనే కూర్చున్నారు. కుదురులేని పిల్లల్ని కూర్మయ్య కొత్త కెమెరాతో తీశాడు. ఆఖరున బామ్మ వంతు వచ్చింది. కూర్మయ్య కొత్తది ఎత్తబోతే ఆవిడ ఆపింది.

"నన్ను మాత్రం పాతదాంతోనే తియ్యి నాయనా. అది కాసేపు చూసి గానీ తియ్యదు. ఆ కాసేపూ మా వాళ్ళందర్నీ ఒకసారి తలుచుకుంటాను."

కెమెరా వెతుక్కుంటున్నంతసేపూ బామ్మ నోట్లోనే ఒక్కొక్క పేరే చెప్పుకుంది. రత్తాలు పేరు దగ్గర టిక్కుమంది.

ఆ ఏటి నుంచి కొల్లేటి గూడకొంగలు రెక్కలొచ్చిన పిల్లలకు ముందు బామ్మ ఫోటో చూపించి దణ్ణం పెట్టిస్తాయి. ఆ తర్వాత రొంపిలో నిలబడ్డ బావా బావమరుదుల ఫోటో చూపించి, అప్పుడు ఎగరనిస్తాయి.

నీతి: సరుకు ఎంత మంచిదైనా, తెచ్చినవాడు ఎందుకు తెచ్చాడో ముందు కనుక్కోవాలి.