లోయలో రెండో గంట

ఆదివారం మారథాన్‌లో చరిత పరుగెత్తుతుంది, నీరజ్ రోడ్డు పక్కన నిలబడి అరుస్తాడు. అంతే కదర్రా? సరే, ఒక్క ప్రశ్న. పరుగెత్తేవాడికి లోపల భయంగా ఉందనుకోండి. పక్కవాడు "భయపడకు" అని అరిస్తే ఆ భయం పోతుందా? ఇప్పుడే జవాబు చెప్పొద్దు. ముందు ఈ కథ వినండి.

నల్లమల కొండల్లో ఒక చిన్న ఆశ్రమం ఉండేది. అక్కడి గురువుకు ఎండాకాలంలోనూ భుజాన కంబళి ఉండేది కాబట్టి అందరూ ఆయన్ని కంబళి స్వామి అనేవారు. ఆయన దగ్గర దీక్ష తీసుకోవాలంటే శ్లోకాలు అప్పజెప్పనక్కర్లేదు. కొండ చుట్టూ ఒక పూట పరుగెత్తి రావాలి. అందుకు నెలల తరబడి సాధన చేసేవారు.

సాధనకైనా, దీక్ష పరుగుకైనా రెండు నియమాలు. బయలుదేరాక తిరిగి ఆశ్రమం వాకిట్లో అడుగు పెట్టేదాకా నోరు విప్పకూడదు. నడుముకు చిరుగంట కట్టుకోవాలి. గంట ఎందుకో చెప్పండి? ఎలుగుబంట్లకు. చప్పుడు దూరం నుంచే వినబడితే అవి తప్పుకుంటాయి. హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడతాయి.

ఓబన్న అనే శిష్యుడు అందరికంటే బాగా పరుగెత్తేవాడు. కానీ అతనికొక బాధ వచ్చిపడింది. దారి చివర్లో, ఆశ్రమానికి కాస్త ముందు, ఒక ఇరుకు లోయ ఉంది. అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతుంది. ఒక సాయంత్రం అక్కడ అతనికి వెనక నుంచి ఇంకో గంట వినబడింది. ఆగాడు. అదీ ఆగింది. కదిలాడు. అదీ కదిలింది.

వెనక్కి తిరిగి చూస్తే మసకలో బండలు, పొదలు. ఇంకేమీ లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. లోయ దగ్గరికి వచ్చేసరికి అతని అడుగు చిన్నదైపోయేది. చివరికి ఒకే ఊపులో బయటపడి, ఆశ్రమం చేరి, బావి దగ్గర తల మీద నీళ్ళు కుమ్మరించుకునేవాడు.

వెనక మనిషెవరైనా ఉన్నారా అంటే, ఆ రోజుల్లో అతనితో పాటు సాధన చేసేది చౌడప్ప ఒక్కడే. ఊరూరా గాజులమ్ముతూ మలారం మూట మోసి మోసి, యాభై దాటాక ఆశ్రమానికి వచ్చిన మనిషి. బరువైన ఒళ్ళు. పొద్దు వాలితే చూపు ఆనదు. మొదట్లో వాగు దాకా వెళ్ళి, అడ్డదారిన తిరిగొచ్చేవాడు.

"ఏం పెద్దాయనా, వాగులో కాళ్ళు కడుక్కుని వచ్చావా?" అని ఓబన్న రోజూ ఆటపట్టించేవాడు.

"కడుక్కున్నా నాయనా, చల్లగా ఉన్నాయి నీళ్ళు," అని నవ్వి ఊరుకునేవాడు చౌడప్ప.

ఓబన్న గురువు దగ్గరికి వెళ్ళాడు. "స్వామీ, లోయలో నా వెనక ఏదో వస్తోంది. నేను ఆగితే ఆగుతోంది."

"అయితే ఆగకు," అన్నారు గురువు.

ఇంతేనా, అనుకున్నాడు ఓబన్న. తనే ఒక ఉపాయం ఆలోచించాడు. నా గంట మోగితేనే కదా ఆ గంట మోగేది? ఆ సాయంత్రం లోయ మొదట్లో తంగేడాకులు ముద్ద చేసి గంటలో కుక్కేశాడు. ఎలుగుల సంగతి గుర్తు రాలేదా అని అడగకండి. అంత భయంలో ఉన్నవాడికి రెండో భయానికి చోటుండదు.

నిజంగానే ఆ రోజు వెనక ఏ చప్పుడూ రాలేదు. నిశ్శబ్దంగా లోయ దాటి వాకిట్లోకి వచ్చాడు.

గురువు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా రెండు ముంతల్లో రాగి అంబలి. ఓబన్న ఒక ముంత తాగేశాడు. రెండోది అలాగే ఉంది. పొద్దు గుంకుతోంది. గురువు ఆ ముంత వైపు చూశారు, దారి వైపు చూశారు.

"చౌడప్ప రాలేదు," అన్నారు.

"ఈపాటికి అడ్డదారిన..."

"అడ్డదారి మానేసి చాలా రోజులైంది."

ఓబన్న చెయ్యి నడుము మీది గంట మీదికి వెళ్ళింది. గురువు లేచి వచ్చి, అతని నడుము దగ్గరి గంటను చేతిలోకి తీసుకున్నారు. వేలితో ఆకుల ముద్ద లాగి పారేశారు. గంటను ఒకసారి ఆడించి చూసి వదిలారు.

"వెళ్ళు."

"స్వామీ, అక్కడ ఏదో ఉంది."

"ఉంది," అన్నారు గురువు.

ఓబన్న వెళ్ళాడు. లోయలో బండలన్నీ ఎలుగుల్లాగే ఉన్నాయి. మళ్ళీ వాకిలి దాటాడు కాబట్టి గొంతు విప్పడానికి లేదు. మోకాళ్ళు వణుకుతుంటే, ఆ వణుకుకే గంట మోగుతోంది. కాసేపటికి దారికి ఎడంగా, పొదల్లోంచి, రెండో గంట మోగింది.

పారిపోవాలనిపించింది. గంట మోగిస్తూ అటే నడిచాడు.

బండకు ఆనుకుని చౌడప్ప. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. గంట చప్పుడు దగ్గరికి రాగానే గాలిలో చేతులు చాపి ఓబన్నను పట్టుకున్నాడు. మాట లేదు. అతని తల, భుజాలు, మోకాళ్ళు, చీలమండలు వరసగా తడిమి చూశాడు. ఎక్కడా దెబ్బ లేదని తేలాక గట్టిగా ఊపిరి వదిలాడు.

వాకిట్లో అడుగు పెట్టాకే నోరు విప్పాడు. "రోజూ నీకంటే ముందే బయలుదేరి, లోయ మొదట్లో ఓ బండ పక్కన ఆగేవాణ్ణి. అక్కణ్ణుంచి నీ గంటే నాకు దారి నాయనా. నువ్వు ఆగితే ఆగి, కదిలితే కదిలేవాణ్ణి. ఇవాళ ఆగింది, మళ్ళీ మోగలేదు. పడిపోయావనుకున్నా. వెతకబోయి దారి తప్పా."

ఓబన్న తల వంచుకున్నాడు. "స్వామీ, లోయలో ఏదో ఉందన్నాను..." అని ఆగిపోయాడు.

"నేనూ ఉందనే కదా అన్నాను," అన్నారు గురువు. రెండో ముంత చౌడప్ప చేతికిచ్చారు.

దీక్ష పరుగు రోజు వచ్చింది. లోయలో అడుగు పెట్టగానే ఓబన్న గుండె మళ్ళీ దడదడలాడింది. వెనక గంట వినబడింది. ఈసారి తిరిగి చూడలేదు, ఆగలేదు. నడుము మీది గంటను చేత్తో పట్టుకుని ఇంకాస్త గట్టిగా ఆడించాడు.

వెనక గంటా గట్టిగా మోగింది.

ఏంటే చరితా, అలా చూస్తున్నావు? ఓబన్న భయం పోయిందా అనా? పోయిందని నేనెక్కడ చెప్పాను?

లేవనివ్వండర్రా. చింతపండు సగమే గింజ తీసి చాట అక్కడే వదిలేసి వచ్చాను, చీమలు పడతాయి.