తవుటమ్మకు తవుడే నైవేద్యం ఎందుకైంది

రోళ్లకొండ వాలులో తవుటమ్మ తల్లి తూర్పు ముఖంగా కొలువై ఉన్నది. గుడి చిన్నది, గోపురం లేదు. వాకిట పాత రాతి రోలు, లోపల తవుడు పూసిన అమ్మవారి ముఖం, అంతే. ఇక్కడి ప్రసాదం కొత్తగా దంచిన తవుడు జల్లించి, బెల్లం కలిపి ఉడికించిన ముద్ద. మొదటిసారి వచ్చినవారు దానిని చూసి ముఖం చిట్లించి, ఇది గొడ్లకు పెట్టేది కదా అంటారు. అనుకోనివ్వండి, తిన్నాక మరో ముద్ద అడిగేది కూడా వారే.

పూర్వం ఇక్కడ అమ్మవారిని ముత్యాలమ్మ అనేవారు. పేరుకు తగ్గట్టు నైవేద్యపు బియ్యం ముత్యాల్లా ఉండాలని ఊరి ఆడవారికి మహా పట్టుదల. ఎవరి బియ్యం తెల్లగా ఉంటే వారిదే భక్తి! దంచి, చెరిగి, మళ్లీ దంచి, గింజ మెరిసేదాకా రోకలి దించేవారు కాదు. రాలిన తవుడు పూజారి ఇంటి గేదె కుడితిలోకి పోయేది. పూజారి అప్పలనర్సయ్యకు ఒక నియమం ఉండేది: అమ్మవారికి పెట్టినది తప్ప మరేదీ ముట్టడు. ఏళ్ల తరబడి ఆ తెల్లని అన్నమే అతని తిండి.

ఒక ఏడు అతని అరికాళ్లకు స్పర్శ పోయింది. కాలికి ముల్లు దిగినా తెలిసేది కాదు. తరువాత పాదాలు వాచాయి, గుడి మెట్టెక్కితే ఆయాసం, చివరకు మంచమే గతి. ఊరివారు ఆలోచించి, బియ్యం చాలినంత తెల్లగా లేనందుకే తల్లికి కోపం వచ్చిందని తేల్చారు. ఇంకో విడత దంచారు. ఏం బుద్ధులో! ఆ అన్నం తిన్న కొద్దీ అతను మరింత క్షీణించాడు. వైద్యుడు తిండి మార్చమన్నాడు, అప్పలనర్సయ్య నియమం తప్పనన్నాడు. అతని భార్య సన్యాసమ్మ ఏడ్చి మొత్తుకున్నా వినలేదు.

ఒక మధ్యాహ్నం గేదెకు కుడితి పెట్టి, అక్కడే గోడకు చేరగిలబడిన సన్యాసమ్మకు కునుకు పట్టింది. కలలో అమ్మవారు కుడితి తొట్టి పక్కన కూర్చుని, రెండు చేతులా తవుడు తింటూ కనిపించింది. “నా బలమంతా గొడ్డుకు పోసి, నాకు ఉత్త గింజ పెడుతున్నారు. నాకు ఆకలిగా ఉందే” అన్నది.

సన్యాసమ్మ లేచి కల సంగతి భర్తకు చెప్పింది. తవుడు నైవేద్యం కాదని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఇక వాదించలేదు. ఇంట్లో అప్పుడే దంచిన తవుడు తెచ్చి వండి, నేరుగా గుడిలోకి వెళ్లింది. ఊరు నోరెళ్లబెట్టి చూస్తుండగా తెల్లని అన్నం పక్కకు తీసి, ఆ ముద్దను ఆకులో అమ్మవారి ముందు పెట్టి మొక్కింది. తరువాత అదే ఆకు భర్త మంచం దగ్గరకు తెచ్చింది.

“ఇది అమ్మోరు తిన్నది మావా. ఇప్పుడు ముట్టనంటే నియమం తప్పేది నువ్వే.”

అప్పలనర్సయ్య ఆకు అందుకున్నాడు. తిన్నాడు. మరునాడూ అదే పెట్టింది, అతను అదే తిన్నాడు. నాలుక మెల్లగా అలవాటు పడింది, ఆయాసం తగ్గింది, వాపు తీసింది. పంట నూర్పిళ్ల నాటికి ఒక ఉదయం అతను వాకిట కూర్చుని ఉండగా కాలు చటుక్కున వెనక్కి లాక్కుని, చీమ కుట్టిందని విసుక్కున్నాడు. చేటలో బియ్యం చెరుగుతున్న సన్యాసమ్మ చేట వదిలేసి, అతని పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతను కూడా ఏడ్చాడు.

అప్పటినుండి తల్లి తవుటమ్మ అయింది. నేటికీ నైవేద్యానికి ఒక్క విడత దంచిన బియ్యం, దాని తవుడు మాత్రమే వాడతారు. తెల్లని బియ్యం తెస్తే పూజారులు మర్యాదగా తిరిగి ఇచ్చేస్తారు. కాళ్ల తిమ్మిర్లతో, నీరసంతో వచ్చినవారు ప్రసాదం తిని, ఇంట్లోనూ దంపుడు బియ్యం వండుతామని మొక్కుకుంటారు. వైద్యుడి మందు మానమని తల్లి ఎన్నడూ చెప్పలేదు, భక్తులు గమనించగలరు. మొక్కు ఇంటికి వెళ్లాక కూడా తప్పనివారికి తల్లి చల్లని చూపు ఉంటుందని పెద్దల మాట.

గడప దగ్గర చిటికెడు తవుడు చీమలకు వేసి లోపలికి వెళ్లడం ఆచారం. ఈ గుడిలో చీమ కుడితే ఎవరూ విదిలించుకోరు. చేతులు జోడిస్తారు.